డిసెంబరులో ఆవు పాలు ఎందుకు తగ్గాయి, ఇప్పుడు ఏం మేపాలి

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్ళకీ తెలుస్తుంది. పద్మనాభం దగ్గర మీకు రెండు జెర్సీ క్రాస్ ఆవులున్నాయి. పెద్దది ఆగస్టులో మూడో ఈత ఈనింది. దసరా నాటికి రెండు పూటలూ కలిపి 12 లీటర్లు ఇచ్చింది. ఇప్పుడు డిసెంబరు సగంలో ఏడున్నరకి దిగింది. పాలకేంద్రం చీటీలో ఫ్యాట్ (వెన్న శాతం) కూడా 4.2 నుంచి 3.5కి పడింది. నేపియర్ పచ్చగడ్డి ఎదుగుదల ఆగిపోయి రోజుకి 5 కిలోలు కూడా దొరకడం లేదు. కొత్త వరిగడ్డి తిన్నంత వేస్తున్నారు, అదో 10 కిలోలు ఉంటుంది. మిల్లు తవుడు 3 కిలోలు, కంపెనీ దాణా 1 కిలో, పొద్దున్నే ఒక బకెట్ గంజి. రెండో ఆవు చూడితో ఉంది, ఎనిమిదో నెల. చలికి పాలు ఎగ్గొట్టిందని ఊళ్ళో అంటున్నారు, వేడినీళ్ళలో బెల్లం పట్టమంటున్నారు. చలికాలానికి వేరే మేత ఏమైనా ఉందా అని మీ ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే, మీ ఆవు పాలు తగ్గింది చలికి కాదు, మేత మారినందుకు. పచ్చగడ్డి పోయి దాని చోట వట్టి వరిగడ్డి వచ్చింది, దాణా పాలకు తగ్గట్టు లేదు, గంజీ తవుడూ కలిసి పొట్టని పులియబెడుతున్నాయి, నీళ్ళు కూడా తక్కువ తాగుతూ ఉండాలి. ఈ నాలుగూ సరిచేస్తే రెండు మూడు వారాల్లో లీటరు నుంచి లీటరున్నర దాకా తిరిగి వస్తుంది. 12 మాత్రం మళ్ళీ రావు, ఎందుకో కింద చెబుతాను.

పశువైద్యశాలల్లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఆనందపురం వైపు సొంతంగా ఆవుల్ని పెంచుతున్నాను. అందుకని మందుల సంగతీ, గడ్డికయ్యే ఖర్చూ రెండూ తెలిసి రాస్తున్నాను.

చలి సంగతి ముందు తేల్చేద్దాం. పాడి ఆవుకి హాయిగా ఉండే వాతావరణం సుమారు 5 నుంచి 25 డిగ్రీల మధ్య. దాని పెద్దపొట్టలో మేత పులిసేటప్పుడు పుట్టే వేడే దాని ఒంటిని కాస్తుంది. విశాఖ తీరం వెంబడి జనవరి తెల్లవారుజామున కూడా మామూలుగా 16, 18 డిగ్రీలుంటుంది. మీ పద్మనాభం, ఇటు సబ్బవరం లాంటి లోపలి మండలాల్లో ఇంకో రెండు మూడు డిగ్రీలు తక్కువ. మనకి శాలువా కావలసిన చలి ఆవుకి చల్లటి సాయంత్రం కింద లెక్క. నిజానికి మన ఉక్కపోతే క్రాస్ ఆవులకి అసలు శత్రువు. ఏప్రిల్, మే నెలల్లో సముద్రపు తేమకి రొప్పుతూ, మేత ముట్టక పాలు తగ్గించే ఆవులు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా కడుపునిండా తింటాయి. ఏడాది మొత్తంలో వాటికి మంచి కాలం ఇదే. ఈ మూడు నెలల్లో పాలు ఇవ్వాల్సినదానికంటే తగ్గాయంటే గాడిలో ఏముందో చూడాలి.

ఇప్పుడు మీ ఆవు లెక్క. ఈనిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి ఆవు పాలు శిఖరానికి వెళ్తాయి, మీకు అది దసరాకి జరిగింది. అక్కణ్ణుంచి బాగా మేపిన ఆవుకైనా నెలకి 8 శాతం దాకా తగ్గుతూ పోతాయి. 12 లీటర్లు రెండున్నర నెలలకి సుమారు 9.7 కావడం సహజం. కాబట్టి మీరు పోగొట్టుకున్నది నాలుగున్నర లీటర్లు కాదు, రెండు లీటర్ల పైచిలుకు. మిగతాది ఈత ముదిరినందుకు తగ్గింది. దాన్ని ఏ దాణా, ఏ టానిక్ వెనక్కి తేలేదు. ఆ రెండు లీటర్ల కోసమే మన ప్రయత్నం.

మీ చీటీలో ఇంకో ఆనవాలు ఉంది, దాన్ని జాగ్రత్తగా చూడండి. ఈత ముదిరి పాలు తగ్గితే ఫ్యాట్ పెరుగుతుంది. పాలూ ఫ్యాటూ రెండూ కలిసి పడితే మేతలో లోపం ఉన్నట్టే. చల్లటి నెలల్లో ఫ్యాట్ మామూలుగా కాస్త పెరగాలి కూడా. మీకు 0.7 తగ్గింది. వైద్యుడు వచ్చి చూసే లోపలే ఈ ఒక్క అంకె పొట్టలో ఏం జరుగుతోందో చెప్పేస్తుంది.

మేతలో లోటు ఎక్కడుందో కాగితం మీద వేసి చూద్దాం. 400 కిలోల ఆవుకి తన ఒంటికోసం రోజుకి 320 గ్రాముల వరకూ మాంసకృత్తులు కావాలి. ఆపైన ప్రతి లీటరు పాలకీ సుమారు 90 గ్రాములు. పది లీటర్లు ఇవ్వగల ఆవుకి మొత్తం కిలో 200 గ్రాములకి పైనే. మీరు వేస్తున్నవి కూడితే, వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే కాబట్టి 10 కిలోలకి 300 గ్రాముల చిల్లర, 3 కిలోల తవుడులో 360, కిలో దాణాలో 200, ఆ కాస్త నేపియర్‌లో 80. కలిపితే 950 దగ్గర ఆగుతుంది. అందులోనూ వరిగడ్డి నుంచి వచ్చేది కాగితం మీదే, ఆవుకి సరిగ్గా అరగదు. ఉన్నదాంట్లో సర్దుకోవడానికి ఆవుకి తెలిసిన దారి ఒకటే, పాలు తగ్గించడం. ముందు ఒంటి మీద కండ కరిగించి ఇస్తుంది, అది కుదరనప్పుడు పొదుగుని తగ్గిస్తుంది. మీ ఆవు నడుం దగ్గర తుంటి ఎముకలు పైకి తేలాయేమో ఒకసారి చూడండి. తేలి ఉంటే ఈ లోటు దీపావళి నాటినుంచే ఉన్నట్టు.

కొత్త వరిగడ్డి గురించి కొంచెం వివరంగా రాయాలి. మన వైపు ఈ కాలంలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

నవంబరు, డిసెంబరు కోతల్లో గడ్డి ఉచితంగా దొరుకుతుంది, ఆవులు కూడా పచ్చివాసనకి ఎగబడి తింటాయి. వేసినదంతా తింటున్నాయి కదా అని రైతుకి ధీమా. కానీ వరిగడ్డికి మూడు లోపాలున్నాయి. మాంసకృత్తులు లేకపోవడం ఒకటి. ఇసుకలాంటి సిలికా ఎక్కువుండి అరుగుదల తక్కువ కావడం రెండోది. మూడోది ఆక్సలేట్లు, ఇవి పేగుల్లో కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. తవుడులోనేమో భాస్వరం మెండు, కాల్షియం తక్కువ. వరిగడ్డీ తవుడూ కలిపి మేపి మినరల్ మిక్చర్ (ఖనిజ లవణాల పొడి) వేయకపోతే ఎక్కువ పాలిచ్చే ఆవు ఎముకల్లోని కాల్షియం తీసి పాలలో పోస్తుంది. ఈనిన మూడు నెలలైనా ఎదకి రాని ఆవులు ఇలాంటి మేత మీద చాలా కనబడతాయి. మీ ఆవు ఎదకి వచ్చిందో లేదో మీరు రాయలేదు.

తడి సంగతి ఇంకా ముఖ్యం. చేత్తో కోసి పనల మీద ఆరబెట్టిన గడ్డికీ, హార్వెస్టర్ వెనక మంచు ఆరకముందే చుట్టలు కట్టిన గడ్డికీ చాలా తేడా ఉంది. తడి మీద చుట్టిన గడ్డి లోపల ఉడుకుతుంది, తర్వాత బూజు పడుతుంది. మీ గడ్డిమేటులో చెయ్యి మోచేతి దాకా దోపి చూడండి. లోపల వెచ్చగా తగిలితే ఆ మేటు విప్పి ఎండబెట్టాల్సిందే. చుట్టని మధ్యలో చీల్చినప్పుడు తెల్లటి పొడి లేచి ముక్కుకి ఘాటు తగిలితే, లేదా నల్లటి మచ్చలు కనబడితే, ఆ భాగం తీసి పెంటలో వేయండి. బూజు గడ్డి తిన్న చూడి ఆవులకి నెలలు నిండకముందే గర్భం పోయిన సందర్భాలు నేను చూశాను. మీ రెండో ఆవు ఎనిమిదో నెల కాబట్టి దానికి అసలే వద్దు. బాగా ఆరిన కొత్త గడ్డినైనా నెల, నెలన్నర మేటులో మాగాక వేయడం మంచిది. ఈలోగా నిరుటి గడ్డి దొరికితే సగం సగం కలపండి.

ఉన్న వరిగడ్డినే మెరుగుపరచాలంటే యూరియాతో మాగబెట్టే పద్ధతి ఉంది. 100 కిలోల ఎండిన గడ్డికి 4 కిలోల యూరియాని 50 నుంచి 60 లీటర్ల నీళ్ళలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా టార్పాలిన్ కప్పి 21 రోజులు ఉంచాలి. తీసిన గడ్డిని గంట సేపు గాలికి ఆరబెట్టి, ఘాటు పోయాక వేయాలి. మాంసకృత్తులు దాదాపు రెట్టింపవుతాయి, గడ్డి మెత్తబడి బాగా అరుగుతుంది. ఆరు నెలల లోపు దూడలకి ఇది వేయకూడదు. యూరియాని కుడితిలో కలపడం, దాణా మీద చల్లడం ఎప్పుడూ చేయకండి. అలా చేసిన చోట గంటల్లో పశువు చచ్చిపోతుంది. యూరియా బస్తా పశువుల పాకలో ఉంచవద్దు, యూరియా నీళ్ళ బకెట్టుని ఆవు మూతి అందేచోట పెట్టవద్దు.

గంజి, తవుడు. మీ ఫ్యాట్ పడిపోవడానికి నేను ముందు అనుమానించేది వీటినే. ఉడికిన అన్నం, గంజి పెద్దపొట్టలో చాలా త్వరగా పులిసి ఆమ్లం తయారవుతుంది. గడ్డిని అరిగించి వెన్నకి ముడిసరుకు తయారుచేసే సూక్ష్మజీవులు ఆ పులుపుకి తట్టుకోలేవు. ఆవు నెమరు వేసేటప్పుడు రోజుకి వంద లీటర్ల పైగా ఊరే లాలాజలంలో సోడా గుణం ఉంటుంది, అదే ఈ పులుపుని విరగ్గొట్టే మందు. నెమరు తగ్గితే ఆ మందు తగ్గినట్టే. పైగా మిల్లు నుంచి నేరుగా వచ్చే తవుడులో నూనె ఎక్కువ. రోజుకి 3 కిలోలంటే ఆ నూనె పీచు అరగడాన్ని అడ్డుకుంటుంది. నూనె తీసిన తవుడు వాడండి. మిల్లు తవుడే గతి అయితే కిలోన్నర దాటవద్దు, వారం కంటే ఎక్కువ నిల్వ ఉంచవద్దు, ముక్కవాసన వస్తే వేయవద్దు.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. రాత్రి తొమ్మిది దాటాక ఆవు పడుకున్నప్పుడు కాస్త దూరంలో కూర్చుని నెమరు చూడండి. ఒక ముద్ద గొంతులోకి వచ్చిన దగ్గర్నుంచి మింగేదాకా ఎన్నిసార్లు నములుతోందో లెక్కపెట్టండి. 50 దాటితే పొట్ట బాగున్నట్టు. నలభైకి దిగువనే మింగేస్తుంటే పీచు సరిపోలేదని, లేదా పొట్ట పులుస్తోందని అర్థం. పొద్దున్న పేడ కూడా చూడండి. గంజి ఎక్కువైన ఆవు పేడ పలచగా, మెరుస్తూ, పుల్లటి వాసనతో ఉంటుంది, బుడగలు కనిపిస్తాయి.

సంక్రాంతి దగ్గర పడుతోంది కాబట్టి ఒక మాట ఇక్కడే చెప్పాలి. కనుమ నాడు పశువుల్ని కడిగి, కొమ్ములకి రంగులేసి, బొట్టుపెట్టి, పొంగలి పెట్టడం మన ఆనవాయితీ. గుప్పెడు, దోసెడు ప్రసాదంగా పెడితే ఏమీ కాదు. ఇంట్లో మిగిలిన అన్నం, గారెల పప్పు, అరిసెల పిండి అంతా తెచ్చి గంపెడు గాడిలో పోస్తేనే ముప్పు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కనుమ మర్నాడు పొద్దున్నే ఆస్పత్రికి వచ్చే మొదటి కేసులు ఇవే. ఎడమ డొక్క బిగుసుకుపోయి, నెమరు ఆగి, పళ్ళు కొరుకుతూ, తూలుతూ వచ్చే ఆవులు. ఆలస్యమైనవి కొన్ని లేవలేదు. బతికినవాటికి కూడా ఆ ఈతలో పాలు పూర్తిగా తిరిగి రాలేదు. మీ పిల్లలకి, పక్కింటివాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. ఆవుకి పండగ చేయాలనిపిస్తే ఆ రోజు ఒక మోపు పచ్చి అలసంద తీగ తెచ్చి వేయండి, దానికంటే ఇష్టమైన పిండివంట దానికి లేదు.

నీళ్ళు. పాలలో 87 శాతం నీళ్ళే. పది లీటర్ల ఆవుకి ఈ కాలంలో కూడా రోజుకి 50 లీటర్లకి తగ్గకూడదు, ఎండుగడ్డి మీద ఉంటే 60 కావాలి. వేసవిలో పచ్చగడ్డిలోనూ నీళ్ళుంటాయి, దాహమూ వేస్తుంది. ఇప్పుడు రెండూ లేవు. రాత్రంతా ఆరుబయట సిమెంటు తొట్టిలో చల్లబడ్డ నీళ్ళని పొద్దున్నే ఆవు రెండు గుక్కలు తాగి వదిలేస్తుంది. భీమిలి దగ్గర ఒక రైతు ఇంట్లో మూడు ఆవులూ ఒకేసారి పాలు తగ్గించాయని పిలిస్తే వెళ్ళాను. మేత బాగానే ఉంది, దాణా కూడా లోటు లేదు. తొట్టి మాత్రం పాకకి ఉత్తరాన నీడలో, పాచి పట్టి ఉంది. తొట్టి తోమించి, పొద్దున్న పాలు తీయగానే బోరు ఆడించి అప్పటికప్పుడు వచ్చిన నీళ్ళు పెట్టించాం. భూమిలోంచి అప్పుడే వచ్చిన నీరు చలికాలం గోరువెచ్చగా ఉంటుంది, వేరే కాచాల్సిన పనిలేదు. ఒక్కో ఆవు బకెట్టు మీద బకెట్టు తాగింది. వారం తిరగకుండా పాలు కోలుకున్నాయి. మీరు కూడా పాలు తీసిన వెంటనే ఒకసారి, మధ్యాహ్నం ఎండలో ఒకసారి, సాయంత్రం పాల తర్వాత ఒకసారి తాజా నీళ్ళు పెట్టండి. దాణాలో రోజుకి 30 గ్రాముల ఉప్పు కలిస్తే దాహం దానంతటదే వేస్తుంది.

బెల్లం నీళ్ళ గురించి అడిగారు. అనకాపల్లి బెల్లం పక్కనే ఉన్నవాళ్ళం, 100 గ్రాములు వేడినీళ్ళలో వేసి ఇచ్చినా ఆవుకి చెడు జరగదు. ఈనిన రోజున అలసట తీరడానికి మంచిదే. ఏడున్నర లీటర్ల ఆవుని పది లీటర్లు చేసే శక్తి మాత్రం దాంట్లో లేదు. ఆ డబ్బుకి వేరుశనగ చెక్క కొనండి.

ఇప్పుడు ఏం మేపాలో చెబుతాను. 400 కిలోల ఆవు, పది లీటర్లు లక్ష్యం అనుకుని రాస్తున్నాను.

ఎండుగడ్డి 4 నుంచి 5 కిలోలు, అంతకంటే వద్దు. పచ్చిమేత అన్నీ కలిపి 15 కిలోలైనా, అందులో మూడో వంతు పప్పుజాతి మేత ఉండాలి. దాణా ఒంటికి ఒక కిలో, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకీ ఒక కిలో, అంటే మొత్తం 5 కిలోలు, రెండు పూటలా సగం సగం. గేదెకైతే ప్రతి 2 లీటర్లకీ ఒక కిలో లెక్క, దాని పాలలో వెన్న ఎక్కువ కాబట్టి.

దాణా ఇంట్లో కలుపుకుంటే చవక. 100 కిలోలకి నేను కలిపే పాళ్ళు ఇవి: పిండి కాకుండా రవ్వగా మరపట్టిన మొక్కజొన్న 35, నూనె తీసిన తవుడు 20, వేరుశనగ చెక్క 20, మినప పొట్టు లేదా పెసర పొట్టు 22, మినరల్ మిక్చర్ 2, ఉప్పు 1. మాంసకృత్తులు సుమారు 18 శాతం వస్తాయి. వేరుశనగ చెక్క కొనేటప్పుడు విరిచి వాసన చూడండి. తుఫాను నెలల్లో గోదాముల్లో తడిసిన చెక్కకి ఆకుపచ్చ బూజు పడుతుంది. ఆ బూజు విషం ఆవు కాలేయాన్ని దెబ్బతీయడమే కాక పాలలోకి కూడా దిగుతుంది, ఆ పాలు మన పిల్లలే తాగుతారు. అనుమానం ఉంటే ఆ చెక్క పూర్తిగా మానేసి, బూజు లేని నువ్వుల చెక్క వేయండి. కలుపుకునే ఓపిక లేకపోతే కంపెనీ దాణానే 4 కిలోలు చేసి, కిలో తవుడు కలపండి. అప్పుడు ఉప్పు 30 గ్రాములు, మినరల్ మిక్చర్ 50 గ్రాములు విడిగా వేయాలి. కుడితిలో ముంచి జావ చేయకుండా, తడిపొడిగా పెడితే నమిలి తింటుంది.

ఈ మార్పులన్నీ ఎనిమిది నుంచి పది రోజుల్లో మెల్లగా చేయండి. దాణా రోజుకి అర కిలో కంటే ఎక్కువ పెంచవద్దు. గంజి మాత్రం ముందు సగానికి తగ్గించి, మూడు నాలుగు రోజుల్లో పూర్తిగా ఆపేయండి.

పచ్చిమేత ఇప్పుడు ఎక్కణ్ణుంచి తెచ్చేదని అడుగుతారు. నేపియర్ వేడి దేశపు గడ్డి, రాత్రి చల్లబడి పగలు పొట్టిదయ్యేసరికి దాని ఎదుగుదల మందగిస్తుంది. ఎరువెంత వేసినా జనవరి చివరిదాకా అంతే. మన చుట్టుపక్కల ఉన్నవి వాడుకోవాలి. చోడవరం, అనకాపల్లి వైపు డిసెంబరు నుంచి చెరకు నరుకుతారు. పైకొసల ఆకు అడిగితే ఇస్తారు, ముక్కలు కొట్టి 10 కిలోల దాకా వేయవచ్చు. అందులో శక్తి ఉంటుంది కానీ మాంసకృత్తులు తక్కువ, కాబట్టి దానితో పాటు పప్పుజాతి ఏదో ఒకటి తప్పక ఉండాలి. అవిసె, సుబాబుల్, గైరిసీడియా, మునగ ఆకులు రోజుకి నాలుగైదు కిలోలు వేయండి. గైరిసీడియా కోసి ఒక పూట వాడిపోనిస్తే వాసన తగ్గి తింటుంది. సుబాబుల్ పచ్చిమేతలో మూడో వంతు దాటకూడదు. నగరం అంచున ఉన్న పాడివాళ్ళు రైతు బజార్ల నుంచి కాలీఫ్లవర్, క్యాబేజీ ఆకు తెచ్చుకుంటారు. మంచిదే, కానీ కడిగి, 8 కిలోలకి మించకుండా, పాలు తీసిన తర్వాతే వేయాలి. ముందు వేస్తే పాలకి ఆ వాసన వస్తుంది. మందు కొట్టిన చేను నుంచి వచ్చినదని తెలిస్తే ముట్టుకోవద్దు.

జొన్న చేను ఉన్నవాళ్ళకి ఒక హెచ్చరిక. పూత రాని లేత జొన్న, కోసిన మొదళ్ళ నుంచి వచ్చే పిలక, అందులోనూ నీటి ఎద్దడిలో ఉన్నది, విషంతో సమానం. నిమిషాల్లో పశువు పడిపోతుంది. పూత వచ్చాకే కోయండి.

మేత సంబంధం లేని కారణాలు కూడా ఒకటి రెండున్నాయి, అవి కావని తేల్చుకోకుండా ఇంత దాణా కొనవద్దు. మొదటిది జలగ. వానాకాలం చెరువు గట్ల మీద, వరి మళ్ళ గట్ల మీద మేసిన పశువుల కడుపులో చేరిన కార్జపు జలగలు ఈ నెలల్లోనే బయటపడతాయి. కొండకర్ల ఆవ (పెద్ద మంచినీటి చెరువు) చుట్టుపక్కల ఊళ్ళలో పనిచేసినప్పుడు చలికాలంలో పాలు తగ్గాయని వచ్చిన ఆవుల్లో సగానికి పైగా పేడ పరీక్షలో ఇదే దొరికేది. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడటం, పేడ ఒకసారి గట్టిగా ఒకసారి పలచగా పడటం, కనురెప్ప లోపల పాలిపోవడం దీని గుర్తులు. అది ఉన్న ఆవుకి ఎంత మేపినా బూడిదలో పోసిన పన్నీరే. అగ్గిపెట్టెలో కాస్త తాజా పేడ తీసుకుని పశువైద్యశాలకి వెళ్ళండి, పరీక్ష చేస్తారు. మందు మాత్రం వాళ్ళు రాసిందే వాడండి. పాలిచ్చే ఆవుకి కొన్ని మందులు పనికిరావు, కొన్నిటికి పాలు కొన్ని రోజులు అమ్మకూడదు. రెండోది పొదుగువాపు. నాలుగు చన్నుల మొదటి ధారలూ నల్లటి పలక మీద తీసి చూడండి, పెరుగు పలుకులు కనిపిస్తే అదే. పైకి వాపు లేకుండా లోపలే ఉండే రకం ఇలా కంటికి కనబడదు, పశువైద్యశాలలో పాల పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. గాలికుంటు టీకా వేసిన తర్వాత మూడు నాలుగు రోజులు పాలు తగ్గడం మామూలే, అందుకని టీకా మానకండి.

పాలు తీసే వేళలు కూడా చూసుకోండి. మంచు పడుతోందని పొద్దున్న ఆలస్యంగా, తొందరగా చీకటి పడుతోందని సాయంత్రం ముందుగా తీస్తుంటారు. ఆ తేడా పొదుగు మీద పడుతుంది. రెండు పూటల మధ్య వీలైనంత సమానంగా, రోజూ ఒకే వేళకి తీయండి.

పాడేరు, అరకు, చింతపల్లి వైపు నుంచి చదువుతున్నవాళ్ళకి నేను పైన చెప్పిన 16 డిగ్రీల లెక్క వర్తించదు. లంబసింగిలో గడ్డి మీద మంచు గడ్డకట్టే రోజులుంటాయి. అక్కడ కూడా పెద్ద ఆవు తట్టుకుంటుంది, పాకలో నేల పొడిగా ఉండి, ఈదురుగాలి నేరుగా తగలకుండా ఉంటే చాలు. రాత్రి పడుకునే ముందు ఒక కిలోన్నర ఎండుగడ్డి అదనంగా వేయండి, అది అరిగే వేడి తెల్లారేదాకా కాస్తుంది. జాగ్రత్త పడాల్సింది దూడల విషయంలో. నెల లోపు దూడకి 15 డిగ్రీలకి దిగువనే చలి మొదలవుతుంది, దాని పొట్ట ఇంకా వేడి పుట్టించదు. కింద మందంగా ఎండుగడ్డి పరచండి, ఒంటికి గోనె కట్టండి, పాలు మామూలుగా ఇచ్చేదానికంటే అర లీటరు పెంచి ఇవ్వండి. తీరం ఊళ్ళలో కూడా పుట్టిన మొదటి వారం దూడలకి గోనె మంచిదే.

మీ రెండో ఆవు సంగతి. ఈనడానికి 60 రోజుల ముందే పాలు ఆపేసి ఉండాలి, ఇంకా తీస్తుంటే ఈరోజు నుంచే ఆపే ఏర్పాటు చేయండి. ఈ రెండు నెలలూ రోజుకి కిలోన్నర నుంచి రెండు కిలోల దాణా దానికి తప్పనిసరి. వట్టిపోయిందని వట్టి వరిగడ్డి మీద వదిలేస్తే ఈనాక దాని శిఖరం పడిపోతుంది, ఆ నష్టం ఈత మొత్తం మోయాలి. ఈనే ముందు రోజుల్లో కాల్షియం సీసాలు తాగించకండి, అలా చేస్తే ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే పని ఒళ్ళు మరిచిపోతుంది, ఈనగానే పాలజ్వరం (రక్తంలో కాల్షియం పడిపోయే జబ్బు) వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఈనిన మూడు రోజుల్లో ఆవు చెవులు చల్లబడి, మెడ పక్కకి తిప్పి పడుకుంటే ఆగకుండా 1962కి ఫోన్ చేయండి, సంచార పశువైద్యశాల వస్తుంది. అది గంటల్లో ప్రాణం మీదికి వచ్చే జబ్బు, సమయానికి సూది పడితే అంతే త్వరగా లేచి నిలబడుతుంది.

వచ్చే ఏటికి ఇప్పుడే ఆలోచించుకోవాలి. మన కోస్తా రైతులకి పాతకాలం నుంచి తెలిసిన ఉపాయం పిల్లిపెసర. వరి కోతకి రెండు మూడు రోజుల ముందు, మడిలో పదును ఉండగానే పిల్లిపెసర, జనుము విత్తనాలు చల్లేస్తే ఖర్చు లేకుండా జనవరి, ఫిబ్రవరి నెలల్లో పప్పుజాతి మేత చేతికొస్తుంది. మినుము, పెసరల మీద డబ్బు వస్తుందని చాలామంది దీన్ని మానేశారు. ఒక 20 సెంట్లు ఆవుల కోసం వదిలితే దాణా ఖర్చులో అది కనిపిస్తుంది. నీటి వసతి ఉన్న చోట అక్టోబరులో మొక్కజొన్న, అలసంద మూడు సాళ్ళకి ఒక సాలు చొప్పున కలిపి వేస్తే సంక్రాంతి లోపల కోతకొస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో నేపియర్ మిగిలిపోయినప్పుడు, లేదా మొక్కజొన్న కంకి పాలుపోసుకుని గట్టిపడే దశలో ఉన్నప్పుడు, ముక్కలు కొట్టి గాలి చొరకుండా తొక్కి పాతర వేయండి. 45 రోజులకి తయారవుతుంది, మూత తీయకపోతే నెలల తరబడి ఉంటుంది. నేపియర్ పాతరకి కాస్త బెల్లం మడ్డి చల్లితే బాగా కుదురుతుంది. పాతరగడ్డి రోజుకి 12 నుంచి 15 కిలోలు దొరికితే ఈ డిసెంబరు ఇబ్బంది మీకు ఉండదు.

ఇప్పటికి చేయాల్సిన వరస ఇది. రేపే పేడ పరీక్ష, మేటులో చెయ్యి పెట్టి చూడటం, తాజా నీళ్ళు. ఎల్లుండి నుంచి గంజి సగం, దాణా అర కిలో చొప్పున పెంపు. రోజూ రెండు పూటల పాలూ, చీటీలో ఫ్యాటూ ఒక పుస్తకంలో రాసుకోండి. ముందు ఫ్యాట్ కదులుతుంది, వారం పది రోజుల్లోనే 3.8, 4 వైపు వెళ్ళాలి. పాలు దాని వెనక వస్తాయి. మూడు వారాలకి కూడా ఫ్యాట్ కదలకపోతే ఆ పుస్తకంలోని అంకెలు, ఆవు ఎదకి వచ్చిందో లేదో, పేడ పరీక్షలో ఏం వచ్చిందో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.